కెర్నల్ మేల్కొను వేళ : పేజీ పట్టికల తొలి నిర్మాణం



తెలుగు బోధించే అధ్యాపకుడు కంప్యూటరు మెమరీని గురించి వ్యాసం వ్రాయడమేమిటని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. కారణం చెప్పి విషయంలోకి వస్తాను. కిందటి సంవత్సరం కంప్యూటరు సైన్సు విభాగపు విద్యార్థి ఒకడు తన సెమినారు పత్రాన్ని తెలుగులో వ్రాయదలచి నా వద్దకు వచ్చినాడు. పదవ తరగతి వరకు ఉర్దూ మాధ్యమంలో చదివినవాడు. తెలుగు చక్కగా మాట్లాడగలడు గాని, వ్రాయవలసి వచ్చేసరికి జంకు. "సార్, వర్చువల్ అడ్రసు అన్నదాన్ని తెలుగులో ఏమని వ్రాయాలి?" అని అడిగినాడు. "మిథ్యా చిరునామా" అన్నాను. "మిథ్య అంటే ఏమిటి సార్?" "అబద్ధం, లేనిది." అతడు కొంచెం ఆలోచించి, "అయితే ఆ మాట వద్దు సార్. ఈ అడ్రసు అబద్ధం కాదు. ప్రాసెసరు నమ్మేది దీన్నే" అన్నాడు.

నిఘంటువును చేతిలో పెట్టుకొని కూర్చున్న నాకు ఆ జవాబు నచ్చింది. అందుచేత ఈ వ్యాసంలో అడ్రసు, పేజీ, పట్టిక, డైరెక్టరీ అనే మాటలనే వాడుతున్నాను. అతడు తాను వ్రాసుకొన్న ఒక చిన్న కెర్నల్‌ను కూడా వెంట తెచ్చినాడు. అది నడవడం లేదు. సెమినారుకు ఎనిమిది దినములు మాత్రమే ఉన్నవి. పత్రం కోసం మొదలైన మా సంభాషణ మూడు సాయంకాలాలలో ఆ కెర్నల్ ఎందుకు నడవడం లేదన్న ప్రశ్న మీదికి పోయింది. నేను నేర్చుకొన్నదాన్ని మీ ముందు పెడుతున్నాను.

మొదట పేజీ అంటే ఏమిటో చూద్దాం. కంప్యూటరు మెమరీ వరుసగా నంబర్లు వేసిన గదుల వంటిది. ఒక్కొక్క గదిలో ఒక బైటు ఉంటుంది. ఆ గది యొక్క నిజమైన నంబరు భౌతిక అడ్రసు. ప్రోగ్రాములన్నీ ఈ నిజమైన నంబర్లనే వాడితే ఒక ప్రోగ్రాము మరొకదాని గదిలోకి సులభంగా ప్రవేశించగలదు. పైగా మెమరీ మధ్యలో ఖాళీలు ముక్కలు ముక్కలుగా మిగిలినపుడు పెద్ద ప్రోగ్రామునకు వరుసగా చోటు దొరకదు. ఈ కష్టానికి మాంచెస్టరు విశ్వవిద్యాలయంలో టామ్ కిల్బర్న్, ఆయన సహచరులు అట్లాస్ అనే యంత్రంలో ఒక ఉపాయం కనుగొన్నారు. ఆ యంత్రం 1962 డిసెంబరు 7న ప్రారంభమైనది. మెమరీని సమానమైన పేజీలుగా విభజించి, ప్రోగ్రాము చెప్పే అడ్రసుకు, నిజమైన అడ్రసుకు మధ్య ఒక అనువాదాన్ని పెట్టడమే ఆ ఉపాయం. అట్లాస్‌లో పేజీకి 512 పదాలు. ప్రధాన మెమరీలో ఉండగల 32 పేజీలకు 32 రిజిస్టర్లు ఉండేవి. అనగా అనువాదపు లెక్కంతా యంత్రపు లోహంలోనే ఉన్నది. మెమరీలో పట్టిక అవసరం కాలేదు.

మెమరీ పెరిగేకొద్దీ పేజీకొక రిజిస్టరు పెట్టడం సాధ్యం కాదు. కనుక ఆ లెక్కను మెమరీలోనే ఒక పట్టికగా వ్రాసి, ఆ పట్టిక ఎక్కడున్నదో ప్రాసెసరుకు చెప్పడం వాడుకలోకి వచ్చింది. మన వ్యాసానికి ముఖ్యమైన చిక్కు ఇక్కడనే పుట్టింది. రిజిస్టర్లు యంత్రంతో పాటే వస్తాయి. మెమరీలోని పట్టికను ఎవరో ఒకరు వ్రాయాలి. వ్రాసేది కెర్నల్. కాని మీట నొక్కిన క్షణాన కెర్నల్ ఇంకా కళ్ళు తెరవలేదు.

ఇంటెల్ సంస్థ 1985లో వెలువరించిన 80386 ప్రాసెసరును ఉదాహరణగా తీసుకొంటాను. మన విద్యార్థి కెర్నల్ కూడా ఆ పద్ధతికే వ్రాసినది. దీనిలో పేజీకి 4096 బైట్లు. అడ్రసుకు 32 బిట్లు, అనగా 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 గదులను పిలువవచ్చును. దీనినే 4 గిగాబైట్లు అంటాము. పేజీకొక వరుస చొప్పున ఒకే పొడవైన పట్టిక వ్రాస్తే పది లక్షలకు పైగా వరుసలు, వరుసకు 4 బైట్లు, మొత్తం 4 మెగాబైట్లు కావాలి. ఆ రోజులలో చాలా పీసీలకు మొత్తం మెమరీయే అంత ఉండేది కాదు! ఇల్లంతా ఇంటి లెక్కల పుస్తకాలతో నింపి మనం వీధిలో పడుకొన్నట్లు.

అందుచేత పట్టికను రెండంతస్తులుగా చేసినారు. హైదరాబాదు పాత ఇంటి నంబర్లను గుర్తు తెచ్చుకోండి. మొదటి అంకె వార్డు, రెండవది బ్లాకు, మూడవది ఇల్లు. మూడింటి మధ్య అడ్డగీతలు. ప్రాసెసరు కూడా 32 బిట్ల అడ్రసును మూడుగా విరుస్తుంది. మొదటి 10 బిట్లు వార్డు వంటివి. వీటితో పేజీ డైరెక్టరీలో 1024 వరుసలలో ఒకదానిని ఎన్నుకొంటుంది. ఆ వరుస ఒక పేజీ పట్టిక ఎక్కడున్నదో చెబుతుంది. తరువాతి 10 బిట్లతో ఆ పట్టికలోని 1024 వరుసలలో ఒకదానిని తీసుకొంటుంది. అది భౌతిక పేజీని చూపిస్తుంది. మిగిలిన 12 బిట్లు ఆ పేజీలో ఎన్నవ బైటో చెబుతాయి. జనం లేని వార్డుకు బ్లాకుల పుస్తకమే అవసరం లేదు. డైరెక్టరీలో ఆ వరుసను సున్నగా వదిలితే చాలు.

ఒక లెక్క చేసి చూడండి. అడ్రసు 3 గిగాబైట్లు, దానిపై 1 మెగాబైటు, దానిపై 5. డైరెక్టరీలో ఒక్కొక్క వరుస 4 మెగాబైట్లను ఏలుతుంది. 3 గిగాబైట్లను 4 మెగాబైట్లతో భాగిస్తే 768. పట్టికలో ఒక్కొక్క వరుస 4096 బైట్లను ఏలుతుంది. 1 మెగాబైటును 4096తో భాగిస్తే 256. కనుక ఆ అడ్రసు యొక్క ఇంటి నంబరు 768-256-5. ఈ 768, 256 అనే సంఖ్యలను మనసులో ఉంచుకోండి. రెండూ మళ్ళీ వస్తాయి.

వరుసలో ఏమి వ్రాసి ఉంటుంది? పేజీలన్నీ 4096 యొక్క గుణిజాల వద్దనే మొదలవుతాయి కాబట్టి, పేజీ అడ్రసులో చివరి 12 బిట్లు ఎల్లప్పుడూ సున్నలే. ఆ ఖాళీ చోటును వృథా చేయక ప్రాసెసరు గుర్తుల కోసం వాడుకొన్నది. మొదటి గుర్తు విలువ 1: పేజీ ఉన్నది. రెండవ గుర్తు విలువ 2: వ్రాయవచ్చును. మూడవ గుర్తు విలువ 4: సాధారణ ప్రోగ్రాము కూడా ముట్టుకొనవచ్చును. మూడూ కలిస్తే 7. పేజీ అడ్రసుకు 7 కలిపి వ్రాస్తే వరుస పూర్తి. మొదటి గుర్తు లేనిచో మిగిలినదంతా ఉన్నా లేనట్టే. ప్రాసెసరు పేజీ ఫాల్టు అని కేకవేస్తుంది.

ఇక అసలు ఘట్టం. దీనికి నాకు దొరికిన అన్నింటిలో శుభ్రమైన పాఠం లినక్స్ తొలి రూపాలలో ఉన్నది. హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ 1991 సెప్టెంబరులో 0.01ని, అదే సంవత్సరం డిసెంబరులో 0.11ని వెలువరించినాడు. అప్పటికి అతనికి ఇరువది రెండేళ్ళు నిండలేదు. ఈ వ్యాసం చదివే డిగ్రీ విద్యార్థులు ఆ వయసును గమనించాలని కోరుతున్నాను. నేను వివరించేది 0.11ను గురించి.

మీట నొక్కగానే ప్రాసెసరు పాతకాలపు పద్ధతిలో, 1 మెగాబైటు వరకే చూడగల స్థితిలో మేల్కొంటుంది. బయాస్ డిస్కులోని మొదటి 512 బైట్లను మెమరీలోనికి తెచ్చి దానికి పగ్గాలు అప్పగిస్తుంది. ఆ చిన్న ముక్క మిగిలిన కెర్నల్‌ను డిస్కు నుండి తెచ్చి తాత్కాలికంగా 65,536వ అడ్రసు వద్ద దింపుతుంది. అడ్రసు సున్న వద్దనే దింపవచ్చు గదా అంటారేమో. అక్కడ బయాస్ తన పిలుపుల పట్టికను పెట్టుకొని ఉంటుంది. దానిని చెరిపితే బయాస్ ఇక పలుకదు. కనుక మెమరీ ఎంత, డిస్కు ఎటువంటిది అనే వివరాలన్నీ బయాస్‌ను అడిగి వ్రాసిపెట్టుకొన్న తరువాతనే కెర్నల్ మొత్తాన్ని అడ్రసు సున్నకు జరుపుతారు. తరువాత ప్రాసెసరును 32 బిట్ల రక్షిత స్థితికి మార్చి అడ్రసు సున్నకు దూకుతారు. అంతరాయాలు ఇప్పటికే ఆపివేయబడి ఉన్నవి. పేజీలు ఇంకా లేవు. వ్రాసిన అడ్రసే నిజమైన అడ్రసు.

అడ్రసు సున్న వద్ద ఉన్న ఆ మొదటి కోడు స్టాకును, అంతరాయాల పట్టికను సరిచేస్తుంది. 1 మెగాబైటుకు పైనున్న మెమరీ నిజంగా అందుబాటులో ఉన్నదా అని ఒక పరీక్ష చేస్తుంది. సున్నవ అడ్రసులో ఒక విలువ వ్రాసి, 1 మెగాబైటు వద్ద కూడా అదే కనబడితే రెండూ ఒకే గది అని తెలుసుకొని అక్కడనే ఆగి తిరుగుతుంది. ఆ తరువాత మరెక్కడికో దూకి, తిరిగి రాదు.

తిరిగి రాకపోవడానికి కారణం వింతగా ఉంటుంది. పేజీ డైరెక్టరీకి కేటాయించిన స్థలం కూడా అడ్రసు సున్నయే! ఇప్పటిదాకా నడిచిన కోడు కూర్చున్న చోటనే డైరెక్టరీ రాబోతున్నది. దానిని అనుసరించి 4096, 8192, 12288, 16384 అడ్రసుల వద్ద నాలుగు పేజీ పట్టికలు. అన్నీ కలిపి 20,480 బైట్లు. పట్టికలను నింపే కోడు ఈ 20,480కి అవతల ఉన్నది. ఇవతల ఉంటే తన్ను తానే చెరుపుకొనేది. పొలం మధ్యలో నిలబడి మడి అంతా నీరు పెట్టేవాడు ముందుగా గట్టు ఎక్కినట్లు, కెర్నల్ ముందు గట్టెక్కి, తాను ఇంతకుముందు నిలిచిన చోటును ముంచివేస్తుంది.

ముంచడం మొదట సున్నలతోనే. ఐదు పేజీలలోని 5120 వరుసలను సున్న చేస్తుంది. ఇది శుభ్రత కోసం చేసే పని అనుకోరాదు. మెమరీలో అంతకుముందున్న చెత్తలో ఏ బేసి సంఖ్య ఉన్నా దాని మొదటి గుర్తు 1 అవుతుంది. ప్రాసెసరు దానిని నిజమైన వరుసగా నమ్ముతుంది. తరువాత డైరెక్టరీ మొదటి నాలుగు వరుసలలో నాలుగు పట్టికల అడ్రసులకు 7 కలిపి వ్రాస్తుంది. 4103, 8199, 12295, 16391. అంతే. మిగిలిన 1020 వరుసలు సున్నగానే ఉంటాయి.

పట్టికలను మాత్రం తల నుండి కాక తోక నుండి నింపుతుంది. చివరి వరుస 20,476వ అడ్రసు వద్ద ఉన్నది. 16 మెగాబైట్లలోని ఆఖరు పేజీ 1,67,73,120 వద్ద మొదలవుతుంది. దానికి 7 కలిపి 1,67,73,127 అని అక్కడ వ్రాస్తుంది. ఒక వరుస వెనుకకు జరిగి, విలువలో నుండి 4096 తీసివేసి మళ్ళీ వ్రాస్తుంది. అట్లా 4096 వరుసలు. చిట్టచివర వ్రాసే విలువ 7, అనగా సున్నవ పేజీ. మరొకసారి 4096 తీసివేస్తే విలువ సున్న కంటె తగ్గుతుంది. ఆ తగ్గుదలే పని అయిపోయినదనే గుర్తు. విడిగా లెక్కపెట్టుకొనవలసిన అవసరం లేదు. ఈ పొదుపు నాకు మన పద్యాలలో యతి కుదిరిన తీరును జ్ఞాపకం చేసింది. గణిత విభాగం వారు నన్ను క్షమింతురు గాక.

నింపిన దానిని చూడండి. సున్నవ పేజీ ఎక్కడున్నది? సున్నవ పేజీలోనే. ఐదవది? ఐదవ దానిలోనే. నూరవది నూరవ దానిలోనే. ఇంత శ్రమపడి వ్రాసిన పట్టిక, ఎక్కడిది అక్కడనే ఉన్నదని చెప్పడానికేనా అని నేను మన విద్యార్థిని అడిగినాను. "అదే కావాలి సార్" అన్నాడు. ఈ వ్యాసమంతటిలో నేను చెప్పదలచినది ఆ జవాబులోనే ఉన్నది గనుక కొంచెం నిలిచి వివరిస్తాను.

డైరెక్టరీ ఎక్కడున్నదో సీఆర్ 3 అనే రిజిస్టరులో వ్రాస్తారు. ఇక్కడ అది సున్న. తరువాత సీఆర్ 0 రిజిస్టరులో అన్నింటికన్న పై బిట్టును 1 చేస్తారు. ఆ ఒక్క ఆజ్ఞ ముగిసిన క్షణం నుండి ప్రాసెసరు ప్రతి అడ్రసును పట్టిక ద్వారానే చదువుతుంది. కాని ఆ ఆజ్ఞ తరువాతి ఆజ్ఞ కూడా ఒక అడ్రసులో ఉన్నదే కదా. ప్రాసెసరు తన వరుస క్రమంలో తరువాతి అడ్రసును పిలుస్తుంది. ఇప్పుడది వర్చువల్ అడ్రసు. పట్టికలో ఆ అడ్రసుకు వేరొక పేజీ వ్రాసి ఉంటే, ప్రాసెసరు వేరొకచోట నుండి ఏదో చెత్తను ఆజ్ఞగా చదువుతుంది. ఏమీ వ్రాసి లేకపోతే పేజీ ఫాల్టు. కాబట్టి మారిన క్షణంలో ప్రాసెసరు నిలబడి ఉన్న నేల, పాత లెక్కలోను కొత్త లెక్కలోను ఒకటే కావాలి. కోడు మాత్రమే కాదు. స్టాకు, అంతరాయాల పట్టిక, ఆ పట్టిక చూపే కోడు, అన్నీ కొత్త లెక్కలో కనబడాలి. ఎక్కడిది అక్కడే అని వ్రాసిన పట్టికతో ఇవన్నీ ఒక్కసారిగా నెరవేరుతాయి.

లినక్స్ 0.11లో మారిన తరువాతి ఆజ్ఞ 'రిటర్ను'. ముందుగానే ప్రధాన కార్యక్రమపు అడ్రసును స్టాకు మీద పెట్టి ఉంచినందున, ఆ రిటర్ను నేరుగా సి భాషలో వ్రాసిన కెర్నల్ ముఖ్య భాగంలోనికి పోతుంది. ప్రాసెసరు ముందుగానే చదివి పెట్టుకొన్న పాత ఆజ్ఞలను కూడా ఆ దూకుడు పారవేస్తుంది. ఒక్క ఆజ్ఞతో రెండు పనులు.

ఒక సందేహం మీకు రావచ్చును. ప్రతి వరుసలో 7 వ్రాస్తే సాధారణ ప్రోగ్రాములు కెర్నల్‌ను ముట్టుకొనవా? ఆ రూపంలో రక్షణ పేజీల పని కాదు, సెగ్మెంట్ల పని. ప్రతి ప్రోగ్రామునకు 64 మెగాబైట్ల చొప్పున 64 వాటాలుగా 4 గిగాబైట్లను పంచి, అందరికీ ఒకే డైరెక్టరీని వాడినారు. ఈ ఏర్పాటు తరువాత పోయింది.

ఇప్పుడు మన విద్యార్థి కెర్నల్ సంగతి. అతడు క్యూఎము అనే అనుకరణ ప్రోగ్రాములో దానిని నడుపుతున్నాడు. నడిపిన వెంటనే తెర నల్లబడి, మళ్ళీ మొదటి నుండి మొదలై, మళ్ళీ నల్లబడుతున్నది. తప్పు ఫలానా అని చెప్పే మాట ఒక్కటీ లేదు. సాధారణ ప్రోగ్రాములో తప్పు జరిగితే ఆపరేటింగ్ సిస్టం ఏదో ఒక సందేశం చూపిస్తుంది. ఇక్కడ సందేశం చూపవలసినవాడే ఇంకా పుట్టలేదు. పేజీ ఫాల్టు వస్తే ప్రాసెసరు అంతరాయాల పట్టికను వెదకుతుంది. ఆ పట్టిక కూడా కనబడని పేజీలో ఉంటే రెండవ ఫాల్టు. దానిని పలికించబోతే మూడవది. మూడవసారి ప్రాసెసరు చేతులెత్తివేస్తుంది; యంత్రం మళ్ళీ మొదలవుతుంది. అతడు ఆరు రాత్రులు దీనితోనే గడిపినాడు. సెమినారు నుండి పేరు తీసివేయించుకొంటానని కూడా ఒకసారి అన్నాడు.

నాకు కోడు చదవడం రాదు. అందుచేత ప్రతి పంక్తినీ నోటితో చెప్పమన్నాను. "సార్, నా కెర్నల్‌ను బూట్ లోడరు 1 మెగాబైటు వద్ద దింపుతుంది. అందుకని 1 మెగాబైటుకు సరిపడా 256 వరుసలు నింపినాను" అన్నాడు. నేను ఒక కాగితం మీద వరుసలకు అంకెలు వేయమన్నాను. సున్న నుండి మొదలుపెట్టి 256 వరుసలు వేస్తే ఆఖరి అంకె 255. దాని పరిధి 10,48,575వ బైటుతో ముగుస్తుంది. కెర్నల్ మొదలయ్యేది 10,48,576 వద్ద. అనగా 256వ అంకె గల వరుసలో, అతడు నింపని మొదటి వరుసలో! కెర్నల్‌కు క్రింది నేలనంతా పరచి, కెర్నల్ కాళ్ళ క్రింద మాత్రం ఏమీ పరచలేదు. కాగితం వైపు కొంతసేపు చూసి, లేచి బయటకు వెళ్ళి నీళ్ళు త్రాగి వచ్చినాడు. క్యూఎము నమోదులో కూడా మొదటి ఫాల్టు వద్ద సీఆర్ 2 రిజిస్టరు విలువ 10,48,576 కంటె స్వల్పంగా ఎక్కువ ఉన్నది. ఏ అడ్రసు దొరకలేదో ఆ అడ్రసును ప్రాసెసరు ఆ రిజిస్టరులో వ్రాసిపెడుతుంది. జవాబు మొదటి రాత్రి నుండి అక్కడనే ఉన్నది. పట్టికలోని 1024 వరుసలనూ నింపగానే యంత్రం ఆగకుండా నడిచింది.

ఇంతటితో కథ అయిపోలేదు. ఎక్కడిది అక్కడే అన్న పట్టికతో కెర్నల్ నడుస్తుంది గాని, అడుగునున్న అడ్రసులన్నీ దానివే అయిపోతాయి. సాధారణ ప్రోగ్రాములకు తమ అడ్రసులు సున్న దగ్గర నుండి ఖాళీగా ఉండడం సౌకర్యం. అందుకని తరువాతి లినక్స్ రూపాలలో కెర్నల్‌ను పై అంతస్తుకు పంపినారు. 2001 జనవరిలో వచ్చిన 2.4ను చూడండి. కెర్నల్ భౌతికంగా 1 మెగాబైటు వద్ద దిగుతుంది. కాని దాని కోడులోని పేర్లన్నీ 3 గిగాబైట్లకు పైన 1 మెగాబైటు వద్ద ఉన్నట్లు కూర్చబడి ఉంటాయి. పేజీలు లేని తొలి క్షణాలలో ఆ అడ్రసులు నిజంగా లేవు. కనుక తొలి కోడు ప్రతి పేరు నుండి 3 గిగాబైట్లు తీసివేసుకొంటూ నడుస్తుంది. పెండ్లి కాకముందే అత్తవారి ఊరి చిరునామా వేసుకొన్న శుభలేఖ వంటిది ఆ స్థితి.

అది వ్రాసే తొలి పట్టికలు రెండే. మొదటి 8 మెగాబైట్లకు సరిపడినవి. కాని డైరెక్టరీలో ఆ రెంటినీ రెండేసి చోట్ల చూపిస్తారు. 0, 1 వరుసలలో ఒకసారి. 768, 769 వరుసలలో మరొకసారి. ఒకే ఇంటికి రెండు వీధులలో రెండు తలుపులన్నమాట. క్రింది తలుపు, మారే క్షణంలో కాళ్ళ క్రింద నేల ఉండడానికి. పై తలుపు, తరువాత ఉండబోయే చోటు కోసం. పేజీలు మొదలైన వెంటనే ఒక దూకుతో కెర్నల్ పై అడ్రసులకు చేరుతుంది. తరువాత క్రింది తలుపును మూసివేస్తారు.

8 మెగాబైట్లే ఎందుకన్నది మంచి ప్రశ్న. మొత్తం మెమరీకి పట్టికలు వ్రాయాలంటే ఆ పట్టికలకు పేజీలు కావాలి. పేజీలను పంచే విభాగం మేల్కొనడానికి మెమరీ కనబడాలి. మెమరీ కనబడడానికి పట్టికలు కావాలి. చెట్టు ముందా విత్తు ముందా అన్న మన పాత తగవే. లినక్స్ దీనిని వాదంతో కాక వ్యవహారంతో తీర్చింది. తొలి పట్టికలకు కావలసిన పేజీలను కెర్నల్ ఫైలు లోపలనే ముందుగా కేటాయించి ఉంచింది. ఎవరినీ అడుగనవసరం లేదు. ఆ చిన్న వెలుగులో, ఖాళీ పేజీల లెక్క వ్రాసుకొనే ఒక తాత్కాలిక పంపకందారు పని మొదలుపెడతాడు. అతడిచ్చిన పేజీలతో అసలు పట్టికలు తయారవుతాయి.

64 బిట్ల ప్రాసెసర్లలో రెండంతస్తులు నాలుగైనవి. అంతస్తుకు 512 వరుసలు. వాటిలో 64 బిట్ల స్థితికి పోవాలంటే పేజీలు తప్పనిసరి. పట్టిక వ్రాయకుండా ఆ గడప దాటనివ్వదు. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్ అనే లోపం బయటపడిన తరువాత, ఆ లోపం ఉన్న ప్రాసెసర్లపై ప్రోగ్రాము నడిచే వేళకు వేరు పట్టిక, కెర్నల్ నడిచే వేళకు వేరు పట్టిక ఉంచవలసి వచ్చింది. సాధారణ ప్రోగ్రాము ముట్టరాదన్న గుర్తు ఒక్కటే చాలదని అప్పుడు తేలింది. దీనిని గురించి విడిగా వ్రాయవలసినంత ఉన్నది. ఇక్కడ చోటు లేదు.

మన విద్యార్థి కూడా ఉత్సాహం పట్టలేక తన కెర్నల్‌ను పై అంతస్తుకు పంపినాడు. సెమినారుకు ఇంకా రెండు దినములు. 768వ వరుస వ్రాసినాడు, పైకి దూకినాడు, క్రింది తలుపు మూసినాడు. తెరపై అక్షరాలు చక్కగా వచ్చినవి. నాకు చూపించి సంతోషించినాడు. కాని పుస్తకంలో ఒక సూచన ఉన్నది. ప్రాసెసరు ఇటీవల చేసిన అనువాదాలను తన లోపల ఒక చిన్న నిల్వలో దాచుకొంటుంది. పట్టిక మార్చినపుడు సీఆర్ 3ను మళ్ళీ వ్రాసి ఆ నిల్వను చెరిపివేయాలి. ఆ ఒక్క పంక్తి చేర్చగానే యంత్రం మళ్ళీ పాత పాటే పాడింది: నలుపు, మొదలు, నలుపు. పంక్తి తీసివేస్తే నడుస్తుంది. "పుస్తకంలో తప్పున్నది సార్" అని తీర్మానించినాడు.

ఈసారి మళ్ళీ కాగితం తీసినాము. తెరపై అక్షరం కనబడాలంటే దానిని 7,53,664వ భౌతిక అడ్రసులో వ్రాయాలి. అక్కడ తెరకు చెందిన మెమరీ ఉన్నది. అతని కోడు ఇంకా ఆ అడ్రసునే పట్టుకొని ఉన్నది. అది క్రింది తలుపు వీధి! తలుపు మూసిన తరువాత కూడా ప్రాసెసరు తన నిల్వలోని పాత అనువాదంతో లోపలికి పోగలిగింది. సీఆర్ 3ను వ్రాయగానే ఆ నిల్వ చెరిగి, మూసిన తలుపు నిజంగా మూసినట్లయినది. తప్పు చేర్చిన పంక్తిది కాదు; అది దాగి ఉన్న తప్పును బయటపెట్టింది. 7,53,664ను 4096తో భాగిస్తే 184. కనుక తెర యొక్క కొత్త ఇంటి నంబరు 768-184-0. కోడులో ఆ అడ్రసుకు 3 గిగాబైట్లు కలిపి, తీసివేసిన పంక్తిని తిరిగి పెట్టినాడు. యంత్రం నిలిచింది, తెరపై అతని పేరు కనబడింది.

ఈ రెండవ ఉదంతాన్ని తన పత్రంలో చివరి పుటగా చేర్చినాడు. ఆ పుటకు తెలుగులో శీర్షిక ఏమి పెట్టాలని అడుగుతూ మరునాటి ఉదయం స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి ఉన్నాడు.